నీళ్లకు బ్రేకు

ఈ సంగతి నేను రాయకపోతే ఇంకెవరైనా రాసేస్తారన్న భయంతో రాస్తున్నాను. ఇప్పటికే బూర్గంపాడు నుంచి పాల్వంచ దాకా ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు. మా అక్క హోటలు గోడ వరదలో నిలబడిందంటే అది మొక్కు బలం అని కొందరు, గోడలో ఎవరికీ తెలియకుండా ఇనుప చువ్వలు పెట్టించామని కొందరు. వరద చూడడానికి వచ్చిన పెద్దమనిషి అయితే మైకు ముందు నిలబడి అదంతా తన ముందుచూపు అన్నాడు. అంత ముందుచూపు ఉన్నవాడు కారును నీళ్లలోకి ఎందుకు దింపాడని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. తుపాను అలల దెబ్బకు కట్టడాలు ఎలా తట్టుకుంటాయో చెప్పే పుస్తకాలన్నీ సముద్రం ఉన్నవాళ్ల కోసం రాసినవే. సముద్రం లేని మనిషికి ఆ విద్య ఎందుకని రాసినవాళ్లు అనుకున్నట్టున్నారు. మాకు సముద్రం లేని మాట నిజమే. అడవి ఉంది, బొగ్గు ఉంది, గోదావరి ఉంది. కానీ అలలు మాకూ వస్తాయి. అవి ఎక్కడి నుంచి వస్తాయో ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి నేనే రాయాల్సి వస్తోంది.

నాది రోడ్డు పక్కన పంక్చరు షాపు. పక్కనే మా అక్క హోటలు. హోటలంటే నాలుగు బల్లలు, రెండు పొయ్యిలు, రోడ్డు వైపు ఒక మట్టిగోడ. బావ పోయినప్పటి నుంచి ఆమే దాన్ని నడుపుతోంది. పంక్చరు పనిలో పని తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. ఎక్కడో ఒక మేకు ఎవరి టైరులోనో దిగేదాకా మనం కూర్చోవాలి. ఆ ఎదురుచూపులోనే నాకు చదువు అబ్బింది. బడిలో అబ్బలేదు.

మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం ఉంది. ఫ్యాను కింద బల్ల దగ్గర దినపత్రికలు చదివేవాళ్లు, ఉద్యోగ పరీక్షలకు తయారయ్యేవాళ్లు కూర్చుంటారు. ఫ్యాను గాలి అందని మూల బీరువాలో విజ్ఞానశాస్త్రం ఉంటుంది. విజ్ఞానశాస్త్రాన్ని గాలి తగలని చోట పెట్టడం మన దగ్గర ఆచారం. ఆ మూలలోనే నాకు ఓడరేవుల గురించిన ఒక పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది కాబట్టి దాని పేరేమిటో ఈనాటికీ తెలియదు. పేరు తెలియని పుస్తకాన్ని ఇంటికి ఇవ్వడం కుదరదన్నాడు గ్రంథపాలకుడు. ఎన్ని ఎండాకాలాలో అక్కడే చెమటలు కారుస్తూ చదివాను.

అది చదివితే నాకు నిద్ర పట్టేది కాదు. సముద్రం మధ్య రాతి మీద దీపస్తంభం కట్టినవాళ్లు రాళ్లను ఒకదానిలో ఒకటి దూర్చి పేర్చారట. వడ్రంగి మంచం పట్టెను కోడులోకి దిగ్గొట్టినట్టన్నమాట. అల ఒక రాయిని లాగాలంటే వరసనంతటినీ లాగాలి. అన్నిటికంటే నన్ను పట్టేసింది గాలి సంగతి. అల వచ్చి గోడను కొట్టినప్పుడు గోడ పగుళ్లలో గాలి ఇరుక్కుంటుందట. నీళ్లు దాన్ని నొక్కుతాయి, అల వెనక్కి పోగానే ఆ గాలి లోపలి నుంచి రాయిని బయటికి తంతుందట. ఈ ముక్క చదివి నేను లేచి నిలబడ్డాను. ఇరుక్కున్న గాలి ఏం చేస్తుందో నాకు ఒకరు చెప్పాలా? లారీ టైరు రిమ్ము ఎగిరి రేకుల కప్పును చీల్చుకుపోవడం కళ్లారా చూసినవాణ్ణి. సముద్రం కూడా మా పంక్చరు కులమేనని ఆ రోజు తెలిసింది.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను.

"సముద్రం మనకెంత దూరం?" అంది.

"చాలా దూరం."

"మరి ఇంట్లకు బియ్యం ఎంత దూరమున్నయో సూడు. కిరాణా షాపు దాక పోతే దొరుకుతయ్."

ఇక మా అలల సంగతి. అక్క హోటలు ముందు రోడ్డు కాస్త పల్లంగా ఉంటుంది. దగ్గర్లోనే వాగు. గోదావరి పెరిగితే వాగు నీళ్లు అందులోకి పోలేక వెనక్కి తంతాయి. భద్రాచలం దగ్గర రెండో హెచ్చరిక అన్నారంటే ఇక్కడ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు ఉన్నట్టు లెక్క. ఆ నీళ్లు మర్యాదస్తులు. చప్పుడు చేయవు, దబాయించవు. ఒక్కో మెట్టు ఎక్కి అక్క హోటలు అరుగు కింద ఆగుతాయి. అడుగున రాతికట్టు ఉంది, ఆ పైన మట్టిగోడ. నీళ్లు రాతికట్టు దాకా వచ్చి, రెండు రోజులుండి, వచ్చిన దారినే వెళ్లిపోతాయి. గోదావరి ఏనాడూ ఆ గోడను పడగొట్టలేదు. పడగొట్టింది మనుషులు.

ఎలాగంటే, ఆ నీళ్లలోంచి ఆటో పోతే చిన్న అల లేస్తుంది, కుక్కపిల్ల వచ్చి కాలు నాకినట్టు. బస్సు పోతే మట్టిగోడ కింది భాగం తడుస్తుంది. బొగ్గు లారీ పోతే గోడ మోచేతి ఎత్తు తడుస్తుంది. వీటన్నిటినీ మించినది ఒకటుంది. దానికి నేను పరామర్శ అల అని పేరు పెట్టాను. వరద బాధితుల కష్టం చూడడానికి పెద్ద కార్లు వరసగా వస్తాయి. కష్టం ఎక్కడ పారిపోతుందో అన్నట్టు వేగంగా వస్తాయి. ముందు కారు లేపిన అల వెనక్కి తగ్గకముందే వెనక కారు లేపింది దాని మీద ఎక్కుతుంది. దాని మీద ఇంకొకటి. సముద్రానికి గాలి చేసే పనిని మాకు పరామర్శ చేస్తుంది.

కిందటి వరదలో అదే జరిగింది. కార్లు పోయాయి, గోడ కూలింది. గోడ కూలిందన్న వార్త ముందు కారుకు చేరింది. పాపం, చూద్దామని అందరూ తిరిగొచ్చారు. ఆ రాకతో పక్కన మిగిలిన ముక్క కూడా కూలింది. "ధైర్యంగా ఉండమ్మా" అని చెప్పి వెళ్లారు. వెళ్లేటప్పుడు మూడోసారి అల లేపారు.

అక్క మళ్లీ మట్టి తొక్కించి గోడ పెట్టింది. గోడ ఆరిన రోజు నన్ను పిలిచి టీ ఇచ్చి చెప్పింది.

"ఇగో తమ్ముడా, ఈసారి గీ గోడ పడ్డదంటే నేను హోటలు బంద్ పెడ్త."

"బంద్ పెట్టి ఏం జేస్తవ్?"

"పాల్వంచ కాలనీల ఒకరింట్ల వంటమనిషి కావాల్నంట. పోత."

"నువ్వా? ఒకరింట్లనా?"

"ఆళ్లింట్ల గోడలు సిమెంటువి," అంది అక్క.

మా అక్క ఎలాంటి మనిషంటే, చారులో ఉప్పు ఎక్కువైందన్న లారీ డ్రైవరు ముందు నుంచి కంచం లాక్కుని, "ఉప్పు తక్కువున్న కాడికి పో" అన్న మనిషి. ఆ డ్రైవరు మర్నాడు మళ్లీ వచ్చి నోరు మూసుకుని తిన్నాడు. అలాంటి మనిషి ఒకరి వంటింట్లో నిలబడి, ఉప్పు ఎక్కువైందని వాళ్లంటే తల వంచుకుని వినాలి. టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ క్షణంలోనే అనుకున్నాను: ఇన్నేళ్లు ఫ్యాను లేని మూలన కూర్చున్నది ఇందుకే.

పుస్తకంలో దీనికి ఉపాయం ఉంది. ఓడరేవు ముందు సముద్రంలో కట్టే ఒక అడ్డం. అనువాదం చేసినాయన మిగతా మాటలన్నీ తెలుగు చేసి, ఈ ఒక్కదాన్ని మాత్రం 'బ్రేక్ వాటర్' అని తెలుగు అక్షరాల్లో అలాగే వదిలేశాడు. నాకు అది చదవగానే అర్థమైపోయింది. మా షాపు బోర్డు మీద ఎప్పటి నుంచో 'ఇచ్చట బ్రేక్ ఆయిల్ దొరుకును' అని రాసి ఉంది. బ్రేక్ ఆయిల్ అంటే బ్రేకుకు పోసే ఆయిల్. బ్రేక్ వాటర్ అంటే నీళ్లకు వేసే బ్రేకు. ఒకసారి రూఢి చేసుకుందామని టైరు మార్పించుకుంటున్న లారీ డ్రైవరును అడిగాను.

"అన్నా, బ్రేకంటే ఏంది నీ లెక్కల?"

"తొక్కితే ఆగాలె. ఆగకపోతే అది బ్రేకెట్ల అయితది?"

"మెల్లగ ఆగాల్నా, గట్టిగ ఆగాల్నా?"

"ఎదురుంగ బర్రె ఉన్నప్పుడు మెల్లగ ఆగుతదా కాకా? గట్టిగనే ఆగాలె."

గోడలు కట్టే మేస్త్రీ కూడా అదే అన్నాడు. మా అక్క ఎదురింటి కటింగ్ షాపు మామ కూడా అదే అన్నాడు. ఇంతమంది ఒప్పుకున్న విషయం మా రోడ్డు మీద అంతకుముందు లేదు. పుస్తకంలో ఆ పేజీ మీద ఒక బొమ్మ ఉంది. గోడ లేదు, ఏటవాలుగా రాళ్ల కుప్ప మాత్రం ఉంది. పని మొదలుపెట్టే ముందు తెచ్చి పోసిన రాళ్లు కాబోలు అనుకున్నాను. మన దగ్గర ఏ పని చూసినా ముందు రాళ్ల కుప్పే కనిపిస్తుంది. చాలా చోట్ల పని అయిపోయాక కూడా అదే కనిపిస్తుంది.

అరుగు ముందు రొమ్ము ఎత్తున ఇటుకగోడ లేచింది. నిట్టనిలువు, నున్నటి సిమెంటు పూత. అక్క దానికి పసుపు కుంకుమ పెట్టింది. మేస్త్రీ మీసం దువ్వుకుంటూ, "అత్తా, ఇగ నీకు సముద్రమొచ్చినా భయం లేదు," అన్నాడు. నేను దాని పక్కన నిలబడి ఫోటో దిగాను.

ఆ ఏడు మొదటిసారి రోడ్డు మీదికి నీళ్లు రాగానే పాల్వంచ బస్సు వచ్చింది. మేమంతా అరుగు మీద నిలబడి చూస్తున్నాం. బస్సు పోయింది, అల వచ్చింది, గోడను తాకింది. అరచేత్తో చెంప మీద కొట్టినట్టు చప్పుడు. అల ఆగింది. నా మాట నమ్మండి, ముందుకు రావడం నిజంగానే ఆగింది. ముందుకు దారి లేక పైకి లేచింది. గోడను దాటి, అరుగును దాటి, మా తలల మీదుగా పోయి పొయ్యి మీద పడింది. బొండాల పిండి చారైంది. పైకి లేవని మిగతా నీళ్లు గోడకు కొట్టుకుని వెనక్కి తిరిగి, రోడ్డు దాటి, నేరుగా కటింగ్ షాపులోకి పోయాయి.

మామ దువ్వెన చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. ఆయన వెనక మెడకు తువ్వాలు, ముఖానికి ఒక పక్క నురగ ఉన్న మనిషి.

"ఓ అల్లుడా! ఏందిది? నీ గోడ నా షాపుల నీళ్లు పోస్తున్నది!"

"గోడ పోయలే మామా, బస్సు పోసింది."

"ఇన్నేండ్ల సంది బస్సు పోతలేదా? ఎన్నడన్న వచ్చినయా నీళ్లు? నీ అక్క గోడకు అడ్డం పెట్టినవ్. బాగనే ఉంది. నా కుర్సీలకు ఎవడు పెట్టాలె?"

తువ్వాలు మనిషి మెల్లగా అన్నాడు, "గోడ సంగతి తర్వాత సూస్కోండ్రి. నాది సగమే అయింది."

"నువ్వాగు, నీది యాడికి పోతది," అన్నాడు మామ.

అక్క ఆరిన పొయ్యిలోంచి తడి కట్టెలు ఒక్కొక్కటే తీసి నా ముందు పెట్టింది. సాయంత్రానికి ఇంకో సంగతి బయటపడింది. కొట్టిన ప్రతి అల కిందికి దిగి గోడ పాదం దగ్గర మట్టిని తవ్వుకుపోయింది. గోడ అక్క మట్టిగోడ వైపు వంగింది, నడుము నొప్పిగా ఉంది కాసేపు ఆనుకుంటానన్నట్టు. ఇంకో బస్సు వచ్చి ఉంటే, మట్టిగోడను వరద కాదు, నేను కట్టిన బ్రేకే పడగొట్టేది. అదృష్టం కొద్దీ ఆ రాత్రే నీళ్లు తీశాయి.

మర్నాడు డిగ్రీ చదువుతున్న నా కూతురితో గ్రంథాలయానికి వెళ్లాను, పుస్తకంలో తప్పు ఎక్కడుందో పట్టుకుందామని. ఆమె ఆ పేజీ చదివి నా ముఖం చూసింది.

"నాన్నా, ఇది మన బోర్డు మీది బ్రేకు కాదు."

"బ్రేకుల రకాలా? డ్రమ్ముదా, డిస్కుదా?"

"అయ్యో, స్పెల్లింగు వేరే. అవే అక్షరాలు. 'ఈ' అనేది చివర ఉంటే ఆపుడు. అదే నడిమికొస్తే విరగ్గొట్టుడు. ఇది నీళ్లను ఆపేది కాదు నాన్నా, అలను విరగ్గొట్టేది."

తెలుగులో రాస్తే రెండూ ఒకటే. ఒక్క ఇంగ్లీషు అక్షరం చోటు మారినందుకు మా అక్క పొయ్యి ఆరింది, మామ గిరాకీ సగం గడ్డంతో ఇంటికి పోయాడు. అప్పుడు ఆ బొమ్మ మళ్లీ చూశాను. పని మొదలుపెట్టే ముందు పోసిన రాళ్లు కావవి. పనే అది. ఏటవాలు రాళ్ల కుప్ప. పైన పెద్దవి, లోపల చిన్నవి, వాటి మధ్య సందులు. అల వాలు ఎక్కుతుంది, సందుల్లో దూరుతుంది, వేయి ముక్కలై ఒక ముక్కను ఇంకో ముక్క కొట్టుకుని చస్తుంది. కొన్నిచోట్ల రాళ్లకు బదులు నాలుగు కాళ్ల సిమెంటు దిమ్మెలు వేస్తారు. అవి కాళ్లూ కాళ్లూ మెలేసుకుని కూర్చుంటాయి. సముద్రం మీద నూనె తవ్వే కట్టడాలైతే ఎదిరించే పనే పెట్టుకోవు, కొంగలా సన్నకాళ్ల మీద నిలబడి అలను కాళ్ల మధ్య నుంచి పోనిస్తాయి. మన తెలుగులోనే అల పక్కన అలుపు ఉంది. ఆపబోతే గోడ అలుస్తుంది, పోనిస్తే అలే అలుస్తుంది. ఇంత దగ్గర పెట్టుకుని నేను ఇంగ్లీషు దాకా వెళ్లాను.

అక్క దగ్గరికి పోయి ఇటుకగోడ పగలగొడతానన్నాను.

"కట్టినోడివి నువ్వే, పగలగొట్టేటోడివి నువ్వే. నీకో దండం రా తమ్ముడా. ఇగ సదవకు."

"ఒక్కసారి సూడక్కా."

హోటల్లో అన్నం వార్చే వెడల్పాటి గంగాళం ఉంది. దాన్ని నీళ్లతో నింపాను. ఒక పక్క స్టీలు పళ్లెం నిలువుగా పట్టుకుని, ఇటు నుంచి గరిటెతో నీళ్లు తోశాను. నీళ్లు పళ్లేనికి తగిలి లేచి అక్క చీర మీద పడ్డాయి.

"తెలుస్తలేదా? ఇదే నిన్న సూసిన కద!" అని అరిచింది.

పళ్లెం తీసి, అదే చోట బుట్టెడు ఆలుగడ్డలు వాలుగా పోశాను. మళ్లీ తోశాను. అల ఆలుగడ్డల్లోకి పోయింది. గుటగుటమని చప్పుడైంది. అంతే, ఇటు ఏమీ రాలేదు.

"కూరకు పెట్టుకున్న ఆలుగడ్డలు రా అవి!" అంది అక్క. కాసేపు గంగాళంలోకే చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "మల్లొక్కసారి తొయ్," అంది. ఆ తర్వాత గరిటె తనే తీసుకుంది. చాలాసేపు తోసింది. ఆ పూట వచ్చినవాళ్లందరికీ ఆలుగడ్డ కూరే.

ఇటుకగోడ పగలగొట్టి ఆ ముక్కలను లోపల పోశాం. మేస్త్రీకి తను కట్టింది తనే పగలగొట్టడం కొత్తేమీ కాదట, కానీ ఎవరూ తిట్టకుండా పగలగొట్టడం ఇదే మొదలట. పైన పెద్ద బండలు పేర్చాం. పాదం దగ్గర మట్టి కొట్టుకుపోకుండా అన్నిటికంటే పెద్దవి గుంత తీసి పాతాం. ఇక నాలుగు కాళ్ల దిమ్మెలు మాకెక్కడివి? నా షాపు వెనక పాత లారీ టైర్లు గుట్టగా ఉన్నాయి. వాటిని బండల ముందు నిలబెట్టి, ఒకదానిలోకి ఒకటి తొడిగి, పాత ట్యూబులు కోసిన పట్టీలతో బిగించి కట్టాను. లారీ మీద సామాను కట్టడానికి డ్రైవర్లు అడిగి తీసుకుపోయేవి అవే. తెగవు, సాగుతాయి. అడుగున తలా రెండు రాళ్లు వేశాను. అల టైరు నోట్లోకి పోయి లోపలే గిర్రున తిరగాలి.

ఈసారి ఎవరూ మీసం దువ్వలేదు. పసుపు కుంకుమ లేదు. చూడ్డానికి అది ఏ ఊళ్లోనైనా ఉండే చెత్తకుప్పలాగే ఉంది. అందుకే ఒక అధికారి బండి ఆపి దిగాడు.

"ఏందయ్యా ఇది? రోడ్డు పక్కన చెత్త పోసిండ్రు?"

"చెత్త కాదు సార్. అలలకు అడ్డం."

"అలలా? సముద్రం ఏది?"

"మీరు వస్తే వస్తది సార్."

కటింగ్ షాపు మామ దగ్గు తెచ్చుకుని లోపలికి పోయాడు. అధికారికి అర్థం కాలేదో, అయిందో తెలియదు. వానాకాలం పోగానే తీసేయాలని చెప్పి వెళ్లిపోయాడు. మాకు కావలసింది కూడా వానాకాలమే.

అడవిలో వానలు పట్టుకున్నాయి. ఎగువ నుంచి నీళ్లు వదిలారన్నారు. గోదావరి పెరిగి, వాగు వెనక్కి తన్ని, ఒక తెల్లవారుజామున నీళ్లు రోడ్డెక్కాయి. మధ్యాహ్నానికి అక్క మూడో మెట్టు మునిగింది. అవతలి పక్క షాపులు మూశారు. అక్క మూయలేదు. పొయ్యి మీద టీ గిన్నె పెట్టి, మట్టిగోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. తడి పైకి పాకుతోందా అని మాటిమాటికీ తడిమి చూస్తోంది. ఒక మూల సంచి సర్ది ఉంది. అందులో ఏముందని నేను అడగలేదు. పాల్వంచకు ఏం కావాలో అవే ఉంటాయి.

బస్సు వచ్చింది. అల లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. కొట్టిన చప్పుడు రాలేదు. బుస్సుమని నిట్టూర్పు లాంటిది వినిపించింది. కళ్లు తెరిస్తే టైర్ల నోళ్లలోంచి నురగ కారుతోంది. అరుగు కింద నీళ్లు కాస్త ఊగి ఊరుకున్నాయి. అవతల మామ తన గడప వైపు చూసుకుని, చెయ్యెత్తి ఏమీ లేదని ఊపాడు. బొగ్గు లారీ వచ్చింది. అదీ అంతే.

"అక్కా, సూసినవా?"

"ఇంకా ఆ కార్లోళ్లు రాలే," అంది అక్క. గోడ మీది చెయ్యి తీయలేదు.

ఆమె భయపడ్డట్టే వచ్చారు. ముందు ఒక బండి హారన్ కొట్టుకుంటూ, వెనక వరసగా తెల్ల కార్లు. నీళ్లను చూసి నెమ్మదించడం వాళ్ల పరువుకు తక్కువ. మొదటి కారు అల టైర్లలో దూరి నలిగింది. అది కారిపోకముందే రెండోది వచ్చింది. పుస్తకంలో సరిగ్గా ఇదే రాసి ఉంది: వరస అలల్లో మొదటిది కాదు, తర్వాతవే కట్టడాన్ని పరీక్షిస్తాయని. మూడో కారుకు బండలు గరగరమన్నాయి. నాలుగో దానికి చివరి పట్టీ తెగింది. ఇటువైపు అల అరుగెక్కింది. మట్టిగోడ కింది అంచు తడిసింది. అక్క "తమ్ముడా!" అంది. ఆమె నోట అంత చిన్న గొంతు నేను ఎన్నడూ వినలేదు.

పట్టీ తెగిన చోట మూడు టైర్లు విడిపోయాయి. వెనక్కి పోతున్న నీళ్లు వాటిని రోడ్డు మీదికి లాక్కుపోయాయి. రెండు పోయి అయిదో కారు ముందు అడ్డంగా నిలిచాయి. ఆ కారు డ్రైవరు బ్రేకు తొక్కాడు. చివర 'ఈ' ఉన్న బ్రేకు. వెనక కార్లన్నీ ఆగాయి. ముందుకు పోయిన కార్లు కూడా, వెనక పెద్దమనిషి ఆగిపోయాడని తెలిసి ఆగాయి. నీళ్లు అటూ ఇటూ ఊగి, ఊగి, నిలిచిపోయాయి.

పెద్దమనిషి ప్యాంటు మడుచుకుని మోకాలి లోతు నీళ్లలో దిగాడు. కష్టాన్ని కారు అద్దంలోంచి కాక కాళ్లతో చూడడం ఆయనకు కొత్తనుకుంటాను, చాలా మెల్లగా నడిచాడు. అక్క హోటలు అరుగెక్కాడు. వెనకాల వచ్చినవాళ్లు, "ఎవరయ్యా టైర్లేసింది?" అని గద్దిస్తుంటే, అక్క టీ గ్లాసు ఆయన ముందు పెట్టి అంది.

"అయ్యా, టీ తాగు. తాగినంక మెల్లగ పో. నీ బండ్లు జల్దీ పోతే నా గోడ పడ్తది. కిందటేడు పడ్డది. నువ్వొచ్చి ధైర్యంగ ఉండుమన్నవ్. ధైర్యం ఉంది, గోడనే లేకుండె."

ఆయన టీ తాగాడు. చక్కెర ఎక్కువైందని మాత్రం అనలేదు, అదృష్టవంతుడు. కార్లు తిరిగి కదిలినప్పుడు ఎద్దుబండి కంటే నెమ్మదిగా పోయాయి. అవతలి ఒడ్డున మైకులు పెడితే, ఇలాంటి అడ్డాలు పెట్టాలని తను ముందే ఆలోచించానన్నాడు. ఆ రోజు నుంచి మా పల్లం దగ్గర టైర్లు కొట్టుకొస్తాయని పేరు పడి, లారీలు కూడా నెమ్మదిగానే పోతున్నాయి. కాబట్టి నిజం రాయాలంటే గోడను నిలబెట్టింది విరగ్గొట్టే బ్రేకు సగం, ఆపే బ్రేకు సగం. నా తప్పు కూడా సగం ఒప్పే అని మా ఆవిడతో అన్నాను. మిగతా సగానికి బియ్యం తెమ్మంది.

మూడో రోజు నీళ్లు తీశాక అక్క గోడంతా తడిమి చూసింది. అడుగున జానెడు తడి, అంతే. సంచి విప్పింది. రెండు చీరలు, బావ ఫోటో, తన చారు గరిటె. ఒకరింట్లో వంటకు పోతూ కూడా గరిటె తనదే పట్టుకుపోదామనుకుందన్నమాట. దాన్ని కడిగి మేకుకు తగిలించింది.

పుస్తకాల్లో చివర సాయం చేసినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెబుతారు. మా రోడ్డు మీద ఎవరినీ పేరుతో పిలవం, వరసే పేరు. అందుకని ఆ పేర్లతోనే చెబుతున్నాను. కట్టిందాన్ని సణగకుండా పగలగొట్టిన మేస్త్రీ అల్లుడికి, కుప్పకు బండలు మోసిన కటింగ్ షాపు మామకు, సగం గడ్డంతో పోయి మిగతా సగానికి మళ్లీ అక్కడికే వచ్చిన తువ్వాలన్నకు, అక్షరం ఎక్కడుందో చూపిన బిడ్డకు, అట్ట లేని పుస్తకాన్ని పారేయకుండా ఉంచిన గ్రంథపాలకుడు సారుకు, వేళకు బ్రేకు తొక్కిన కారు డ్రైవరు తమ్ముడికి, ఆలుగడ్డలు ఇచ్చిన అక్కకు.

విడిపోయిన మూడు టైర్లలో రెండు దొరికాయి. మూడోది వాగులో పడి గోదాట్లోకి పోయింది. ఒక బొగ్గు లారీ వెనక టైరు, మూడు ప్యాచులు, మూడూ నేను వేసినవే. ఊడకపోతే ఈపాటికి సముద్రం చేరి ఉంటుంది. మాలో సముద్రాన్ని చూసింది అదొక్కటే. దానికి కూడా కృతజ్ఞతలు.